పెట్టె మీద చెయ్యి

ఆ రోజు దెబోరా భర్త యెషయా జ్ఞాపకార్థ కూడిక. సాయంత్రం పాస్టరుగారు, చుట్టాలు వస్తారు. బెంగాల్లో లిలువా అనే ఊళ్ళోని ఇంట్లో దెబోరా పొద్దున్నే లేచి అల్లం దంచింది, కుర్చీలు తుడిచింది. భర్త ఫొటో తుడుద్దామని చూస్తే గోడకి ఖాళీ ఫ్రేము వేలాడుతోంది.

వాళ్ళ క్రైస్తవ కుటుంబాల్లో ఎవరు పోయినా, సమాధి చేసేముందు శవపెట్టె చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడి ఫొటో తీయించుకోవడం ఆనవాయితీ. ఆ ఫ్రేములో ఉండేది యెషయాతో అందరూ కలిసి ఉన్న ఆ ఆఖరి ఫొటోయే. ఇంకో కాపీ లేదు.

చిన్నకూతురు షెకైనా ఆర్ట్ కాలేజీలో చదువుతోంది. పాత ఫొటోలు కత్తిరించి, దారంతో కుట్టి మనుషుల ముఖాలు చేస్తుంది. ఈ పిల్ల చేతిలో పడితే క్యాలెండరు కూడా బతకదు. దెబోరా వెనకగదిలోకి వెళ్ళేసరికి బల్లనిండా ముక్కలే.

“నాన్నని కోసేసినావా? ఈ ఇంట్లో నీకింకేటీ దొరకలేదేటే?”

షెకైనా ముక్కలు కుట్టిన అట్టని తల్లి ముందుకు జరిపింది. యెషయా ముఖమే. నుదురు పెళ్ళిఫొటోలోది, కళ్ళు రైల్వే కార్డులోవి, నవ్వు ఏదో క్రిస్మస్ నాటిది. చెంప మీద మాత్రం ఎవరిదో చెయ్యి కుట్టి ఉంది. మణికట్టుకి బెంగాలీ ముత్తైదువలు వేసుకునే తెల్ల శంఖం గాజు, ఎర్ర గాజు.

“ఫ్రేము అంచు కింద ఉండిపోయిందమ్మా. విప్పితే అగుపించింది. పెట్టె మీద వేసిన చెయ్యి,” అంది షెకైనా.

ఎవరిదని దెబోరా అడగలేదు. బెంగాలీ హిందూ కుర్రాణ్ణి చేసుకుని వాట్‌గంజ్‌లో కాపురముంటున్న పెద్దకూతురు హెప్సీది. ఆనాడు ఫొటోలో నువ్వు ఉండొద్దు, పక్కకి తప్పుకోమని అందరి ముందూ అన్నది తనే. పిల్ల ఎదురు చెప్పకుండా తప్పుకుంది. తండ్రి పెట్టె మీంచి చెయ్యి మాత్రం తియ్యలేదు. తండ్రి చావుకి ఊరికే మొహం చూపించి పోయిందని ఇన్నేళ్ళూ దాన్ని ఆడిపోసుకున్నందుకు దెబోరాకి దుఃఖం పొంగుకొచ్చింది. ఆ గాజుల మీద వేలుంచి చాలాసేపు ఏడ్చింది.

తరవాత హెప్సీకి ఫోను కలపమంది.

“అమ్మా? చెల్లికేటైనా అయిందా?” హెప్సీ గొంతులో భయం.

“ఏటీ అవలేదు. సాయంత్రం నాన్న కూడిక. బేగి రా.” దెబోరా మళ్ళీ అట్ట మీది గాజులవైపు చూసింది. “ఒక్కదానివీ రాకమ్మా. అల్లుణ్ణి తీసుకురా.”

అటునుంచి ఏడుపు వెక్కిళ్ళు వినిపించాయి. దెబోరా ఫోను పెట్టెయ్యకుండా, కూతురు మాట్లాడేదాకా ఓపిగ్గా కూర్చుంది.