ఎవరూ జై కొట్టని రాజు

ఆదివారం మధ్యాహ్నం జూమ్‌లో సండే స్కూల్ నడుస్తోంది. లాక్‌డౌన్‌తో చర్చి మూతపడ్డాక ఐర్లండ్‌లోని పోర్ట్‌లీష్ ఊళ్లో తెలుగు పిల్లలకు ఇదే చర్చి. నాన్న లాప్‌టాప్ ముందు ఫెబి మూతి ముడుచుకుని కూర్చుంది. ఎవరింట్లోనైనా కుక్కర్ కూత పెడితే వాళ్ల మైక్ ఆపడం ఆమె పని.

ఆ రోజు నాటకం సౌలు కథ. ఇశ్రాయేలీయులు తమ మొదటి రాజు కోసం చీట్లు వేస్తే సౌలు పేరు వచ్చింది. అతను పోయి సామాన్ల మధ్య దాక్కున్నాడు. జనం వెతికి, బయటికి తెచ్చి జై కొట్టారు. గిట్టనివాళ్లు కొందరు మాత్రం పెదవి విరిచారు. కానుక కూడా తేలేదు.

రాజు వేషం తనదేనని ఫెబి నమ్మింది. సౌలు అందరికంటే పొడుగు. ఈ పిల్లల్లో పొడుగు తనే. కార్న్‌ఫ్లేక్స్ అట్టతో కిరీటం చేసి, బంగారు కాగితం కూడా అంటించింది. తీరా సండే స్కూల్ టీచర్ లలితకుమారి ఆంటీ స్టీలు గిన్నెలోంచి చీటీ తీస్తే ప్రెయిస్ పేరు వచ్చింది. వాడికి ఎనిమిదేళ్లు, పిడికెడంత ఉంటాడు.

"వాడు సౌలేంటి ఆంటీ? టేబుల్ అంత కూడా లేడు," అంది ఫెబి.

చీటీ ఎవరికొస్తే వాళ్లేనంది ఆంటీ. ప్రెయిస్ వాళ్లమ్మ మంగాదేవి నర్సు. డ్యూటీలో కోవిడ్ సోకి, ఇప్పుడు ఆమే హాస్పిటల్ బెడ్ మీద ఉంది. కొడుకు వేషాన్ని ఫోన్‌లో చూస్తుందట. అందుకే అందరూ గట్టిగా జై కొట్టాలని ఆంటీ మరీ మరీ చెప్పింది. ఫెబి అంతా వింది. విన్నా కడుపుమంట చల్లారలేదు.

తెర మీద రాజు ఒక్కడే కనిపించేలా పెట్టారు. ఇండియా నుంచి తెచ్చిన ఎర్ర సూట్‌కేసుల వెనక నుంచి ప్రెయిస్ లేచాడు. పేపరు కిరీటం కళ్ల మీదికి జారింది. జై కొడతారని చేతులు పైకెత్తాడు.

ఫెబి అందరి మైకులూ ఆపేసింది.

చప్పుడు లేదు. ప్రెయిస్ నవ్వబోయి ఆగిపోయాడు. కిరీటం తీసేసి, మళ్లీ సూట్‌కేసుల వెనక కూర్చున్నాడు. ఫెబి గబగబా మైకులు తెరిచింది గానీ, వాడు ఇక లేవలేదు. నెట్ పాడైందేమో అనుకున్నారు అందరూ.

మర్నాడు మంగాదేవిని ఐసీయూకి మార్చారు. అంతకుముందు ఆమె పంపిన చివరి మెసేజ్‌లో, మా వాడికి ఎవరూ జై కొట్టలేదేం అని అడిగిందట. అన్నం తింటూ నాన్న ఆ మాట చెప్పాడు. ఫెబి ఏడుస్తూ నిజం చెప్పేసింది. నాన్న లేచి కోటు వేసుకోమన్నాడు.

ప్రెయిస్ వాళ్లిల్లు పక్క వీధే. సన్నగా వాన పడుతోంది. వాడు కిటికీ తెరిచాడు. ఫెబి గేటు దగ్గరే ఆగింది.

"ఇట్ వాజ్ మీ, ప్రెయిస్. నేనే అందరి మైకులూ ఆపేశా. రాజు నువ్వని కుళ్లుకున్నా."

"మమ్మీకి చెప్పు," అన్నాడు వాడు. "షీ కాంట్ హియర్ నౌ."

ఫెబి తను చేసిన బంగారు కిరీటాన్ని కిటికీ గట్టు మీద పెట్టి, మళ్లీ గేటు దగ్గరికి వచ్చింది. వాడు కిరీటం ముట్టుకోకుండా కిటికీ మూసేశాడు.

ఫెబి కదల్లేదు. "మన రాజుకు జై!" అని గొంతు చించుకుని అరిచింది. ఎదురింటివాళ్లు తలుపు తీసి చూశారు. సిగ్గేసింది. అయినా మళ్లీ అరిచింది.

కాసేపటికి కిటికీ తెరుచుకుంది. ప్రెయిస్ తడిసిన కిరీటాన్ని లోపలికి తీసుకున్నాడు గానీ తలకు పెట్టుకోలేదు. అమ్మ వచ్చాకే పెట్టుకుంటానన్నాడు.

సరేనని తల ఊపి, ఫెబి వానలో ఇంకోసారి జై కొట్టింది.