ఆఫ్రికాన్స్ సినిమాపై నాన్నగారి తీర్పు

వేణుగోపాలరావుగారితో సినిమాకి వెళ్లడమంటే కోర్టుకి వెళ్లినట్టే. తెరమీద ఎవరేం చేసినా, వెనక వరస దాకా వినపడేలా అక్కడికక్కడే తీర్పు చెప్పేస్తారు. ఆయన తరఫున కూతురు వాసంతి చిన్నప్పటినుంచీ ఎంతమందికి సారీలు చెప్పిందో లెక్కలేదు.

అలాంటి మనిషిని బతిమాలి మరీ సినిమాకి తీసుకెళ్లాల్సిన ఖర్మ ఇప్పుడు పట్టింది. కారణం కౌశిక్. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజనీరు. వాసంతిని చేసుకుంటానని మూడుసార్లు అబుదాబీలో వాళ్లింటికి వచ్చాడు. మూడుసార్లూ నాన్న "చూద్దాం" అన్నారు. ఆ ఇంట్లో 'చూద్దాం' అంటే వద్దని.

ఇంట్లో కాకుండా బయట కలిస్తే మెత్తబడతారేమోనని వాసంతి ఆశ. ఆమె పనిచేసే స్కూలు హాల్లో సౌతాఫ్రికా టీచర్లు తమ ఆఫ్రికాన్స్ భాష సినిమా ఒకటి వేస్తున్నారు, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో.

"నాన్న ఏమన్నా ఔనను," పార్కింగ్‌లో మళ్లీ పాఠం చెప్పింది.

"మూడుసార్లూ అదే అన్నాను కదా."

"ఇవాళా అంతే. వాదించావా, ఖలాస్."

అమ్మతో కలిసి నలుగురూ కూర్చున్నారు. సినిమా మొదలైంది. గొర్రెల మందలు తప్ప మరేం లేని చిన్న ఊరు. పెట్రోల్ బంకు నడిపే తండ్రి. తన మాట కాదని పెళ్లి చేసుకుపోయిన కూతురు పదేళ్ల తర్వాత తల్లి అంత్యక్రియలకి వచ్చింది. తండ్రి పలకడు. రోజూ ఆమె గది ముందు భోజనం పెట్టి వెళ్లిపోతాడు.

"తిండి పెడుతున్నాడుగా, ఇంకేం కావాలి ఆ పిల్లకి?" వేణుగోపాలరావుగారి తీర్పు వచ్చేసింది. "అదీ అభిమానం గల తండ్రంటే. ఏమోయ్ కౌశిక్?"

వాసంతి మోచేత్తో పొడిచింది.

"కాదంకుల్."

ఇంకోసారి పొడిచింది, గట్టిగా.

"ప్లేటు పెట్టి పోతే అది హోటల్ సర్వీసు అంకుల్. తల్లి పోయిన పిల్లతో ఒక్క మాట మాట్లాడొద్దా?"

చీకట్లో అతని కళ్లు మెరుస్తున్నాయి, తడిగా. ఎంత బావున్నాడో. పీక నొక్కేయాలనిపించింది.

సినిమా అయ్యాక కూడా వాదన ఆగలేదు. తండ్రి తరఫున ఆయన, కూతురి తరఫున ఇతను, ఎండలో కారు చుట్టూ తిరుగుతూ.

"అయిపోయిందమ్మా, అంతా అయిపోయింది," అంది వాసంతి.

తల్లి ఉమామహేశ్వరి తాపీగా పాప్‌కార్న్ నములుతోంది. "మీ నాన్న మొహం చూడు. పెళ్లైన కొత్తలో నాతో పోట్లాడేప్పుడు ఇలాగే వెలిగిపోయేది."

వేణుగోపాలరావుగారు వచ్చి కారు తలుపు తీశారు. "ఇతని నాన్నగారి నంబరివ్వమ్మా. ముహూర్తం సంగతి మాట్లాడతాను. ఆయనతో కూడా ఏదో ఒకటి తేల్చుకోవాలిగా."

వాసంతి ఆ తలుపుకి అడ్డం నిలబడింది. "మరి మూడుసార్లూ చూద్దాం అన్నారు?"

"ఏం చెయ్యను? ఫ్యాక్టరీలో రోజంతా సరుకు రిజెక్ట్ చేసే మనిషి, మీ అమ్మ కాకరకాయ కూర బ్రహ్మాండమని రెండోసారి వడ్డించుకున్నాడు. ఇతను రేపు నీకైనా నిజం చెబుతాడా అని భయమేసింది. అలా తలూపమని ఏ తెలివైనవాళ్లు నేర్పారో."

కౌశిక్ ఆకాశంకేసి చూశాడు. ఉమామహేశ్వరి పాప్‌కార్న్ నమలడం ఆపి కూతురికేసి చూసింది.

"నేనే నేర్పాను నాన్నా," అంది వాసంతి. "తప్పు నాదే."