చక్కెర గది పళ్ళు

ఈ కథలో ఒక్క అబద్ధం దొర్లినా నా ముప్పై రెండు పళ్ళూ రాలగొట్టుకుంటాను. ఇక వినండి.

ముక్కు సారు దగ్గరికి వచ్చిన ఆడమనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే కూర్చుంది. ఏది పోయినా వాసన పట్టేస్తాడని ఆ డిటెక్టివుకి ఆ పేరు. ఆయన సహాయకుడు సొంత మేనల్లుడే. మామ తుమ్మినా అందులో ఏదో ఆచూకీ ఉంటుందని నమ్మే రకం.

"టాఫీ ఫ్యాక్టరీలో చక్కెర పొడి పట్టే గదిలో పని నాది. గోదాంలో టాఫీ డబ్బాలు పోతున్నాయి సార్. నేనే తిన్నానంటున్నారు. రేపు పోలీసుల్ని పిలుస్తారట."

"ఎవరన్నారు?"

"మేస్త్రీ. మా అక్క మొగుడే. పని ఇప్పించిందీ ఆయనే."

"సాక్ష్యం?"

ఆమె చెయ్యి తీసింది. ముందు పళ్ళు చిగుళ్ళ అంచున గోధుమరంగుగా పుచ్చిపోయి ఉన్నాయి.

"తినకపోతే పుచ్చుతాయా అన్నాడు బావ. అందరి ముందూ పళ్ళికిలించమన్నాడు."

ముక్కు సారు టార్చి వేసి నోరంతా చూశాడు. దవడ పళ్ళు మచ్చ లేకుండా గచ్చులా గట్టిగా ఉన్నాయి.

"దేంతో తోముకుంటావమ్మా?"

"ఉప్పుతో. ఫ్యాక్టరీ పేస్టు ఇస్తుందంటారు గానీ, మా గదికి ఎప్పుడూ రాలేదు."

ఫ్యాక్టరీలో ఆ గది తలుపు తీయగానే మేనల్లుడి కనుబొమలు తెల్లబడ్డాయి. పెదవి నాక్కుంటే తీపి. గోదాంలో ప్రతి డబ్బా మీదా, పెట్టె మీదా ఫ్యాక్టరీ గుర్తుగా ఆకుపచ్చ రంగు గీత ఉంది. తిరిగి వస్తూ మేస్త్రీ ఇంటి పక్క కొట్టు ముందు మామ ఆగాడు.

"ఒక పేస్టు కొనరా."

"ఇంట్లో ఉందిగా మామా."

"ఉంటే ఉండనీ."

పేస్టు అట్టపెట్టె మూల ఎవరో బ్లేడుతో గీకారు. గీకిన చోట ఆకుపచ్చ మరక. మేనల్లుడికి అదేమిటో తట్టలేదు. మామ జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పోలీసుల కంటే ముందే యజమాని గదిలో అందరూ చేరారు: యజమాని, మేస్త్రీ, అతని భార్య, ఆమె చెల్లెలు, కొట్టువాడు.

"టాఫీ నమిలితే దవడ పళ్ళ సందుల్లో ఇరుక్కుని అక్కడ పుచ్చు మొదలవుతుంది," అన్నాడు ముక్కు సారు. "ఈమెకి అక్కడ మచ్చ లేదు. గాల్లో ఎగిరే చక్కెర ముందు పళ్ళ మీద పేరుకుంటుంది. నోట్లో క్రిములు దాన్ని తిని ఆమ్లం వదులుతాయి. ఆ ఆమ్లం ఎనామిల్‌లోని కాల్షియాన్ని లాగేస్తుంది. ఈమె మీ టాఫీ తినలేదు. మీ గాలి తింది."

యజమాని ముఖం ముడుచుకున్నాడు. "డాక్టరు చెప్పాడనేగా ఫ్లోరైడూ కాల్షియమూ ఉన్న పేస్టులు పంపాను?"

"మంచి పనే. పోయిన కాల్షియం మళ్ళీ ఎనామిల్‌లో చేరడానికి అవి సాయపడతాయి. ఫ్లోరైడు ఆమ్లానికి తేలిగ్గా లొంగకుండా దాన్ని గట్టిపరుస్తుంది. ఈమె నోటిదాకా వస్తే కదా?"

ఆయన పేస్టు పెట్టెను బల్ల మీద పెట్టి, ఆకుపచ్చ మరక మీద గోరు ఉంచాడు. "మీ గోదాం గీతే. గీకినా పూర్తిగా పోలేదు."

కొట్టువాడు మేస్త్రీని చూపించాడు. "ఈయనే తెచ్చి ఇచ్చాడు సార్. టాఫీలూ, పేస్టులూ ఒకే సంచీలో. మిగిలిన సరుకన్నాడు."

"గొడవ బయటపడేసరికి వేలు పెట్టి చూపడానికి ఒక నోరు కావలసొచ్చింది," అన్నాడు ముక్కు సారు. "తను పేస్టు అందనివ్వని నోరే చేతికి దొరికింది."

మేస్త్రీ కిటికీకేసి చూశాడు. అక్క తన కొత్త గాజులు చూసుకుని, అతనికేసి చూసింది. "దాని పళ్ళు అమ్మి నాకు గాజులు కొన్నావా?" అంది, నెమ్మదిగానే.

చెల్లెలు వాళ్ళిద్దర్నీ పట్టించుకోలేదు. "ఇప్పుడు ఆ పేస్టు వాడితే నా పళ్ళు మునుపట్లా అవుతాయా సార్?"

మామ జవాబుకు తడుముకోవడం మేనల్లుడు అదే మొదటిసారి చూడటం. "పైపైన మెత్తబడినవి గట్టిపడతాయమ్మా. గుంత పడ్డవి పూడవు. అవి డాక్టరే చూడాలి."

ఆమె మళ్ళీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. యజమాని కుర్చీలోంచి లేచి, తప్పయిందమ్మా అని, వైద్యం ఖర్చు తనదేనన్నాడు.

అన్నట్టు, నా ముప్పై రెండు పళ్ళ మాట. ఉన్నవి ఐదు, అందులో రెండు ఊగుతున్నాయి; రాలగొట్టుకునే శ్రమ కూడా నాకు లేదు. కథలో అబద్ధం ఒక్కటే ఆడాను. యజమాని లేవనూ లేదు, తప్పయిందననూ లేదు, ఖర్చు మాట ఎత్తనూ లేదు. గడియారం చూసుకుని, "సరే, చక్కెర గదిలో పని ఆగిపోయింది, పనిలోకి పో" అన్నాడు. ఆమె వెళ్ళింది.