ఐదు గడుల సంధి

సరిహద్దు కొండల్లో ఆర్మీకి సరుకు మోస్తున్న లారీ ఒకటి మలుపు దగ్గర పేలిపోయింది. వరసగా పది లారీలు వెళ్తుంటే శత్రువు మిగతావాటి జోలికి పోలేదు. డీజిల్ ఉన్న ఆ ఒక్క లారీనే ఎంచుకుని కొట్టాడు. దాని డ్రైవర్ అక్కడికక్కడే చనిపోయాడు. వెనక లారీ నడుపుతున్న సాయి కిరణ్ చేతులు కాల్చుకుని బతికి బయటపడ్డాడు. అతను గురజాలవాడు, నిఘా విభాగం ఏజెంట్ పుల్లారావుకి సొంత తమ్ముడు.

"ఏ లారీలో ఏముందో వాళ్ళకెలా తెలిసింది?" అడిగాడు పుల్లారావు.

"బిల్లు చెప్పింది" అన్నాడు చీఫ్.

ఎడ్లపాడు దాటాక హైవే పక్కన ఆపిన కారులో కూర్చుని ఉన్నారు ఇద్దరూ. చీఫ్ టాబ్లెట్ తెరిచాడు.

"సప్లై కాంట్రాక్టర్ కొత్త ఎలక్ట్రానిక్ బిల్లు వాడాడు. వెర్షన్ ఫోర్. ఇంకా ట్రయల్‌లోనే ఉంది. ఆ బిల్లు కొట్టగానే సరుకు పేరు, లారీ నంబరు, రూటు అన్నీ వెరిఫికేషన్ పేరుతో ఒక విదేశీ సర్వర్‌కి వెళ్తాయి. ముప్పై ఏడో క్లాజ్. ఆ సర్వర్ శత్రువుకి సమాచారం అమ్మే గ్రే హెరాన్ ముఠాది."

"ఆపేయండి సార్."

"ట్రయల్ ఆపాం. కానీ ఈ ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటలోపు ఎవరూ అభ్యంతరం పెట్టకపోతే వెర్షన్ ఫోర్ పాసైనట్టే. బిల్లు నమూనా తేల్చే ఫోరమ్ ఏది పాస్ చేస్తే అది దేశమంతటా అమలు చేస్తామని పైవాళ్ళు ఎప్పుడో సంతకం పెట్టి కూర్చున్నారు. ఆ సంతకం రద్దు కావాలంటే ఆర్నెల్లు పడుతుంది."

ఫోరమ్ అంటే పెద్ద భవనమేదో ఉంటుందనుకునేరు. అదొక మెయిలింగ్ లిస్టు. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి వెళ్ళే వ్యాపార బిల్లులో ఏ వివరం ఎక్కడ ఉండాలో తేల్చడానికి పుట్టింది. నాలుగు ఖండాల నుంచి మేధావులు చేరారు. చేరినవాళ్ళు బిల్లు సంగతి వదిలేసి ఒకరినొకరు తేల్చుకోవడం మొదలుపెట్టారు. బుర్ర ఉన్నవాళ్ళు తలనొప్పి భరించలేక ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వెళ్ళడానికి వేరే చోటు లేని ఇద్దరు మాత్రం మిగిలారు. అభ్యంతరం పెట్టే హక్కు ఇప్పుడు ఆ ఇద్దరికే ఉంది. ఒకరు నరసరావుపేట గోపాలకృష్ణయ్య, మిర్చి కోల్డ్ స్టోరేజీలకు సాఫ్ట్‌వేర్ అమ్ముతాడు. రెండోవాడు చిలకలూరిపేట ప్రభాకరరావు, పత్తి మిల్లులకు అమ్ముతాడు.

ఇద్దరికీ ఆరేళ్ళుగా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. కారణం అడ్రసు. బిల్లులో అడ్రసు నాలుగు గడుల్లో విడివిడిగా రాయాలని గోపాలకృష్ణయ్య, ఒకే గడిలో రాయాలని ప్రభాకరరావు. దీని కోసం కోర్టు నోటీసులు పంపుకున్నారు. ఒకరి ఇంటి పెళ్ళికి ఒకరు వెళ్ళడం మానేశారు.

"వాళ్ళు కొట్టుకుంటున్నంతకాలం ఏ వెర్షనూ పాస్ కాదు కదా సార్. మనకేం భయం?"

"పది రోజుల కింద ఇద్దరికీ సంధి కుదిరింది."

పుల్లారావు సీట్లో ముందుకు జరిగాడు. పల్నాడులో పుట్టినవాడు, సంధి అనే మాటను అంత తేలిగ్గా నమ్మడు.

"ఎవరు కుదిర్చారు?"

చీఫ్ టాబ్లెట్ మీద ఒక ఫోటో చూపించాడు. ముత్యాల రంగు పట్టుచీర, ఎడమ చెంప మీద చిన్న సొట్ట.

"హరిత! మన మనిషే కదా సార్. కోడ్ నేమ్ మందారం."

"మన మనిషే. వాళ్ళ మనిషి కూడా" అంటూ చీఫ్ ఒక వాచీ అందించాడు. "దగ్గర్లో సిగ్నల్ జామర్ ఆన్ అయితే ఇది వణుకుతుంది. ఆమెను ఇప్పుడే పట్టుకుంటే ముఠాకి తెలిసిపోయి ఇంకో దారి వెతుక్కుంటారు. ముందు వెర్షన్ ఫోర్ ఆగాలి. ఆమె సంగతి తర్వాత."

శనివారం పొద్దున కోల్డ్ స్టోరేజీ మేనేజర్ వేషంలో పుల్లారావు నరసరావుపేట స్టేషన్ రోడ్డులోని గోపాలకృష్ణయ్య ఆఫీసు మెట్లెక్కాడు. తెల్ల చొక్కా, పెట్టుడు మీసం, చంకలో మిర్చి శాంపిల్ సంచి.

"అయ్యా, వెర్షన్ ఫోర్‌లో ముప్పై ఏడో క్లాజ్ చూస్తే నాకెందుకో అనుమానంగా ఉందండీ" అన్నాడు వినయంగా.

గోపాలకృష్ణయ్య కళ్ళజోడు పైకి నెట్టాడు. "ఏందయ్యా నీ అనుమానం? ఆ క్లాజు కింద ఎవరి పేరుంది?"

"మీదేనండీ."

"మరి? నా పేరున్న క్లాజులో తప్పు దూరిందంటావా? నా కళ్ళేమన్నా పోయినయ్యా?"

క్లాజు ఆయన రాయలేదు. హరిత రాసి ఆయన పేరు పెట్టింది. ఆయన చదవనూ లేదు. పేరు మాత్రం నాలుగుసార్లు చూసుకుని మురిసిపోయాడు. పుల్లారావుకి ఆ బట్టతల మీద శాంపిల్ సంచి బోర్లించాలనిపించింది. ఆ మురిపెం కోసమే అక్కడ కొండల్లో ఒకడు కాలిపోయాడు.

"సరేగానీ, ముందు ఇది చెప్పు" అన్నాడు గోపాలకృష్ణయ్య. "అడ్రసుకి ఒక గడా, నాలుగు గడులా?"

"నాకంత తెలీదండీ."

"తెలీనోడికి క్లాజులెందుకయ్యా? పో, పోయి మిర్చి చూసుకో."

మెట్ల మీద హరిత ఎదురైంది.

"మీసం బాగుంది పుల్లారావ్. ఒరిజినలేనా?"

"నీ దేశభక్తి అంత ఒరిజినల్."

ఆమె నవ్వింది. "ఆ లారీ వెనక మీ తమ్ముడున్నాడని నాకు తెలీదు. సారీ."

"ముందు లారీలో ఉన్నవాడికి కూడా అన్న ఉన్నాడు."

ఆమె నవ్వు ఒక్క క్షణం ఆగి మళ్ళీ వచ్చింది. "రేపు ఫంక్షన్ హాల్లో ఇద్దరికీ సన్మానం. భోజనానికి రా. ఆరేళ్ళ గొడవ ఒక్క పూటలో తీర్చాను. ఆయన నాలుగు గడులు ఆయనకిచ్చాను, ఈయన ఒక గడి ఈయనకిచ్చాను. మొత్తం ఐదు గడులు. ఇద్దరూ తామే గెలిచామనుకుంటున్నారు. ఇలాంటివాళ్ళను కొనక్కర్లేదు, పొగిడితే చాలు."

పుల్లారావు విసవిసా మెట్లు దిగాడు. తుపాకీ పట్టినవాడి మీద కోపం వస్తే కాల్చొచ్చు, సన్మానం కోసం దేశాన్ని రాసిచ్చే మనిషినేం చేస్తాం?

రోడ్డు మీదికి రాగానే ఎదురుగా ఫ్లెక్సీ షాపు కనిపించింది. లోపల కంప్యూటర్ తెర మీద రేపటి సన్మానం ఫ్లెక్సీ. హరిత పని పక్కాగా చేయించింది. రెండు ఫోటోలూ ఒకే సైజు, ఒకే ఎత్తు, ఇద్దరికీ చెరొక సింహం. కింద అంచు వెంట చిన్న చిన్న గుండ్రాల్లో శుభాకాంక్షలు చెప్పేవాళ్ళ తలకాయలు. టెంట్ హౌస్ ఓనర్, వంట మేస్త్రీ, సౌండ్ సిస్టమ్ అతను.

పుల్లారావు చాలాసేపు ఆ తలకాయల వరసనే చూశాడు.

పల్నాడులో పుట్టినరోజుకి ఫ్లెక్సీ, బోరులో నీళ్ళు పడితే ఫ్లెక్సీ. ఎవరి ఫోటో ఎంత, ఎవరి పక్కన ఎవరు అన్న దాని మీద అన్నదమ్ములు విడిపోయిన ఇళ్ళు అతనికి తెలుసు.

"తమ్ముడూ, చిన్న మార్పుంది" అన్నాడు షాపు ఓనర్ కొండలుతో. "పైన ప్రభాకరరావుగారు ఒక్కరే ఉండాలి. గోపాలకృష్ణయ్యగారిని కింది వరసలో పెట్టు. వంట మేస్త్రీ పక్కన."

కొండలు నోరు తెరిచాడు. "అన్నా, షాపు తగలబెట్టిద్దామనుకుంటున్నావా? ఎవరన్నా నువ్వు?"

"భారత ప్రభుత్వం."

కొండలు నమ్మలేదు. అయితే అతనికీ గోపాలకృష్ణయ్య మీద కడుపుమంట ఉంది. షాపు బోర్డు మీద అడ్రసు నాలుగు ముక్కలుగా రాయలేదని ఆ పెద్దమనిషి ఒకసారి గిరాకీ ముందు నిలబెట్టి గంటసేపు క్లాసు పీకాడు.

"మీసం కనపడేట్టు పెట్టాల్నా, కోసెయ్యాల్నా?" అన్నాడు కొండలు మౌస్ పట్టుకుని.

ఆదివారం ఫంక్షన్ హాలు నిండింది. అడ్రసు గడుల సంగతి ఒక్కరికీ తెలీదు, భోజనంలో గోంగూర మటన్ ఉందని అందరికీ తెలుసు. స్టేజీ మీద ఇద్దరు శత్రువులూ ఒకే సోఫాలో కూర్చుని, భుజాలు తగలకుండా జాగ్రత్త పడుతున్నారు. వెనక ఫ్లెక్సీకి ఎర్రగుడ్డ కప్పి ఉంది. గడువుకి ఇంకా రెండు నిమిషాలే ఉన్నాయి. హరిత వాచీ చూసుకుని చిరునవ్వుతో గుడ్డ లాగింది.

పది అడుగుల ప్రభాకరరావు నల్ల కళ్ళద్దాలతో ప్రత్యక్షమయ్యాడు. రెండు సింహాలూ ఆయనకే.

గోపాలకృష్ణయ్య ముందు నవ్వుతూ చూశాడు. తర్వాత వెతుక్కున్నాడు. వెతికి వెతికి, వంగి, అడుగున వంట మేస్త్రీకీ సౌండ్ సిస్టమ్ అతనికీ నడుమ దొరికాడు.

"ఏంది ఇది?"

హరిత తడుముకుంది. "ప్రింటింగ్ మిస్టేక్ సార్. ఫ్లెక్సీదేముంది, రేపు తీసేస్తాంగా."

"రేపటిదాకా ఊరంతా చూడదా?"

అక్కడ ప్రభాకరరావు నోరు మూసుకుని ఉంటే గ్రే హెరాన్ గెలిచేది. కానీ ఆరేళ్ళ మనిషి, ఎలా మూసుకుంటాడు? కాలు మీద కాలేసుకుని, "పోనీలే బావా, ఏదో ఒక మూల ఉండావుగా" అన్నాడు.

సోఫా కిర్రుమంది. గోపాలకృష్ణయ్య లేచి నిలబడి ఫోన్ తీశాడు. టైపు చేయడం మొదలుపెట్టాడు. 'వెర్షన్ ఫోర్ మొత్తానికి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, నా అభ్యంతరం.' సెండ్ నొక్కాడు.

తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది.

అదే పెట్టుడు మీసంతో స్టేజీ పక్కన నిలబడ్డ పుల్లారావు మణికట్టు మీద వాచీ వణికింది. హరిత కుడిచెయ్యి హ్యాండ్‌బ్యాగులో ఉంది. ఒక్క ఊపులో స్టేజీ ఎక్కి బ్యాగు లాక్కున్నాడు. జిప్పు రాలేదు. లోపల జామర్ ఎక్కడుందో వెతికే టైం లేదు. పక్కనే భోజనాల వరస, పొగలు కక్కుతున్న సాంబారు డేగిసా. బ్యాగును అందులో ముంచి, గరిటెతో అడుక్కి నొక్కి పట్టుకున్నాడు.

వాచీ ఆగింది. గోపాలకృష్ణయ్య ఫోన్ టింగుమంది. గడువుకి మూడు సెకన్ల ముందు అభ్యంతరం నమోదైంది.

మరుక్షణం ఆ అభ్యంతరం మీద అభ్యంతరం పెడుతూ ప్రభాకరరావు ఫోన్ కూడా టింగుమంది. తర్వాత సోఫా తిరగబడింది.

వడ్డించేవాళ్ళ వేషంలో ఉన్న చీఫ్ మనుషులిద్దరు గరిటెలు పక్కన పెట్టి హరితకు చెరోవైపు నిలబడ్డారు. ఆమె ఇంకా ఫ్లెక్సీ వైపే చూస్తోంది.

"ఒక ఫోటో కోసమా? నిజంగా ఫోటో కోసమా?"

"ఇక్కడికొచ్చేముందు ఒక్క పెళ్ళి ఫ్లెక్సీ అన్నా చదవాల్సింది" అన్నాడు పుల్లారావు.

హాలు బయటికొచ్చేసరికి తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, కట్లు విప్పారు. రేపట్నుంచి మళ్ళీ అదే రోడ్డు" అన్నాడు సాయి కిరణ్. "ఏమీ కాదులేరా, నువ్వు పో" అని ఫోన్ పెట్టేసి, కళ్ళు తుడుచుకున్నాడు పుల్లారావు.

తర్వాత చీఫ్. "గుడ్ వర్క్. కానీ ఆ సంతకం రద్దయ్యేదాకా ఆర్నెల్లు వీళ్ళు మళ్ళీ కలవకూడదు. గ్యారంటీ ఇవ్వగలవా?"

జవాబు చెప్పేలోపే చిరిగిన కండువాతో గోపాలకృష్ణయ్య మెట్లు దిగి వచ్చాడు. వెనకే చొక్కా గుండీలు ఊడిన ప్రభాకరరావు. ఇద్దరి వెనకా చెరో పాతికమంది.

"ఇదిగో, కోల్డ్ స్టోరేజీ ఆయన! బయటి మనిషి, న్యాయంగా చెప్తాడు" అన్నాడు గోపాలకృష్ణయ్య రొప్పుతూ. "చెప్పవయ్యా. అడ్రసుకి ఒక గడా, నాలుగు గడులా?"

పుల్లారావు ఫోన్ చేతిలోనే పట్టుకుని, దేశభద్రతను దృష్టిలో పెట్టుకుని, ఎంతో వినయంగా జవాబిచ్చాడు.

"మూడండీ."