మూడో గిన్నె

చిజురు, డిటెక్టివ్ ఓకినాగా ఆఫీసుకు వచ్చేసరికి ఒసాకా అంతా వాన. గొడుగు గుమ్మం బయటే వదిలి, భయాన్ని మాత్రం లోపలికి తెచ్చుకుంది.

కింద అట్ల కొట్టు, పైన డిటెక్టివ్ ఆఫీసు. కింద అట్లు తిరగేస్తారు, పైన కట్టుకథలు తిరగేస్తారు. వచ్చేవన్నీ విడాకుల కేసులే. ఓకినాగా లెక్కలో విడాకులకు సాక్ష్యాలు రెండే రకాలు: సాక్సులు, సాక్సులు కానివి. అసిస్టెంటు రిత్సు ఈ మాట ఎన్నిసార్లు విన్నా నవ్వుతుంది. అంత అభిమానం.

“లాయరు యోకోమినెగారు పంపారండి,” అంది చిజురు. “మా ఆయన షూగో, నేను వేరుగా ఉంటున్నాం. కుటుంబ కోర్టులో మాటలు నడుస్తున్నాయి. పాప నా దగ్గరే ఉంది. నేను ఇంకో మగాడితో కాపురం చేస్తున్నానని, అలాంటి ఇంట్లో పిల్ల పెరగకూడదని, తనకిచ్చేయాలని ఆయన ఇప్పుడు కొత్తగా అంటున్నాడు.”

“ఉన్నాడా, మగాడు?”

“లేడండి.”

“లాయరు ముందు అందరూ లేడనే అంటారు. నా ముందు కాస్త ఆలోచించి చెప్పండి.”

“ఆలోచించినా లేడండి.”

ఆమె బల్ల మీద ఒక ఫోటో పెట్టింది. పొట్టి భోజనం బల్ల, దాని మీద మూడు అన్నం గిన్నెలు. కుందేలు బొమ్మ ఉన్న చిన్నది, ఉత్త తెల్లది, మూత పెట్టిన పెద్ద నీలం గిన్నె. బల్ల వెనకాల వీధి కిటికీ.

“బల్ల మాదే. నీలం గిన్నె మాత్రం నేనెప్పుడూ చూడలేదు. మా ఇంట్లోకి ఎవరో వస్తున్నారండి. వాళ్ళెవరో తేలకపోతే పిల్ల నాకు దక్కదు.”

“ఈ ఫోటో ఎవరు తీశారట?”

“పక్కింటివాళ్ళు కిటికీలోంచి తీసి మా అత్తయ్యగారికి ఇచ్చారట. ఆవిడ మా ఆయనకిచ్చింది.”

ఆమె వెళ్ళాక రిత్సు గొంతు తగ్గించింది. “గురువుగారూ, ఈవిడ ఏదో దాస్తోంది.”

“దాచుకోవడానికి ఏమీ లేనివాళ్ళు మన మెట్లెక్కరు రిత్సూ. పద, చూద్దాం.”

చిజురు ఇంటి గుమ్మంలో నల్లటి మగ బూట్లు కనబడగానే రిత్సు కనుబొమలు ఎగిరాయి. జోడున్న చోట జోడీ కూడా ఉంటుందని ఆ పిల్ల నమ్మకం.

“ఒంటరి ఆడదాన్నని తెలియకుండా పెట్టానండి,” అంది చిజురు, చూపులు దించుకుని. “పాత బట్టల కొట్లో కొన్నాను.”

ఓకినాగా ఒక బూటు ఎత్తి లోపలికి తొంగి చూశాడు. “నిజమే. ఇందులో సాలీడు కాపురం పెట్టింది. ఈ ఇంట్లో సహజీవనం ఇదొక్కటే. చెప్పులు వాటంతట అవి చెప్పవు, మనమే చెప్పించాలి.”

వంటింటి అలమారలో నీలం గిన్నె లేదు. పై అరలో అతిథుల కోసం తెల్ల గిన్నెలున్నాయి. కింది అరలో కుందేలు గిన్నె, దాని పక్కన పూల గిన్నె.

“ఈ పూలది?”

“నాదండి. ఇంకెవరిది?”

ఓకినాగా ఆ గిన్నెను చాలాసేపు చూశాడు. తాళాలెవరి దగ్గరున్నాయని అడిగాడు. ఇంటి ఓనరు దగ్గర ఒకటి, అత్తగారు తోకియె దగ్గర ఒకటి. ప్రతి శనివారం చిజురు బ్రెడ్డు దుకాణంలో పనికి వెళితే ఆవిడే వచ్చి పిల్లను చూసుకుంటుంది.

చిజురు మూత కప్పుల్లో టీ తెచ్చింది. ఆరేళ్ళ పాప నాజునా, ఓకినాగా కప్పు మీది మూత ఎత్తి, దాని అడుగు చూసి, తృప్తిగా తలాడించి మళ్ళీ పెట్టింది. ఆటేమో అనుకుంది రిత్సు. ఓకినాగా టీ తాగడం మర్చిపోయాడు.

తరువాతి శనివారం అందరినీ ఆ ఇంటికే పిలిపించాడు. షూగో వాచీ చూసుకుంటూ కూర్చున్నాడు. తోకియె వెంట తెచ్చిన మూటను ఒళ్ళోంచి దించలేదు. చిజురు పక్కన లాయరు యోకోమినె.

“మగాడెవరో చెప్పండి, పోతాను,” అన్నాడు షూగో.

“తొందరపడకండి, ఆయన ఇక్కడే కూర్చున్నాడు. ముందు ఫోటో చూడండి. కిటికీలోంచి తీస్తే ఫోటోలో కిటికీ ఎలా పడుతుంది? తీసినవాళ్ళు ఇంట్లోనే ఉన్నారు, వంటింటి వైపు. ఇక గిన్నెలు. ఇంట్లో ఎవరి గిన్నె వాళ్ళదే, అది ఒసాకాలో పిల్లులకు కూడా తెలుసు. మరి ఫోటోలో పాప గిన్నె ఉంది, పూల గిన్నె లేదే? ఆ పూట చిజురుగారు ఇంట్లో లేరు. తెల్ల గిన్నెలో తిన్నది తాళం ఉన్న అతిథి.”

“ఇంటి ఓనరా?” అన్నాడు షూగో.

“ఓనరుకు పాప పక్కన కూర్చుని తినే చనువెక్కడిది? ఇక నీలం గిన్నె. తినేవాడు మూత తీసి తింటాడు. మూత పెట్టే ఉందంటే, తినేవాడు ఆ ఇంట్లోనే లేడన్నమాట. దూరాన ఉన్నవాళ్ళ క్షేమం కోరి ఇంట్లో అలా అన్నం పెట్టడం పాత ఆచారం. అమ్మా తోకియెగారూ, ఆ మూట కాస్త విప్పుతారా?”

తోకియె విప్పింది. నీలం గిన్నె, దాని మూత.

“మీ నాన్నది,” అంది కొడుకుతో, తల ఎత్తకుండా. “ఆయన చేపల ఓడ మీదున్నన్నాళ్ళూ ఇంట్లో ఇందులో అన్నం పెట్టేదాన్ని. మూత అడుగున చెమట పడితే మనిషి క్షేమంగా ఉన్నట్టు. ‘నాన్న అన్నం తింటున్నాడా’ అని నాజునా అడిగితే, నీ కోసం పెట్టడం దానికీ నేర్పాను. అమ్మకు చెప్పొద్దన్నాను.”

“మరి ఫోటో?” అంది చిజురు.

“నేనే తీశాను. విడాకులయ్యాక నువ్వు నన్ను గుమ్మమెక్కనిస్తావా అమ్మాయ్? పిల్ల వాడి దగ్గరుంటే రోజూ చూసుకోవచ్చనుకున్నాను.”

“అంటే ఈ ఇంట్లో మగాడు…” షూగో ఆగిపోయాడు.

“మీరేనండి,” అన్నాడు ఓకినాగా. “మీ మీద మీరే కేసు పెట్టుకున్నారు. మీ అమ్మగారు కోడలి పిల్లను లాక్కోవాలనుకున్నారు గానీ, కోడలి గిన్నెలో తినడానికి మాత్రం చేయి రాలేదు. ఆ మర్యాదే పట్టిచ్చింది.”

షూగో యోకోమినె వైపు తిరిగాడు. “ఆ ఆరోపణ తీసేయిస్తాను. పాప ఇక్కడే ఉండనీయండి. విడాకులు మాత్రం…”

“అవి కానిద్దాం,” అంది చిజురు. లేచి తెల్ల గిన్నెలను పై అరలో ఇంకా వెనక్కి నెట్టింది. “అత్తయ్యగారూ, వచ్చే శనివారం మీ సొంత గిన్నె తెచ్చుకోండి. ఇక్కడే ఉంచుదాం, కింది అరలో.”

నాజునా నీలం గిన్నె మూత ఎత్తి చూసింది. పొడిగా ఉంది. వాళ్ళ నాన్న నుదురు తడిమి చూసింది.

“నాయనమ్మా, భయం లేదు. నాన్నకే పట్టింది చెమట.”