దిగుడుబావిలో పద్యం

మా వాడ చివరి దిగుడుబావికి మొదటినుంచీ చెడ్డపేరే. పొద్దుగూకితే మేకలు కూడా అటు పోవు. ఎమర్జెన్సీ పోయిన తర్వాతి చలికాలం ఇంకో ముచ్చట పుట్టింది — రాత్రిపూట బావిలోంచి ఆడగొంతు పద్యం పాడుతోందని! ఎప్పుడో దూకి చచ్చిన మనిషట. చచ్చినా సరే, ఆడదాన్ని కుదురుగా ఉండనివ్వరు గదా మనోళ్లు.

అప్పుడే ఊరంతా కళావతి పోస్టర్లు. పరకాల నేతోళ్ల పిల్ల. చిన్నప్పుడే నాటకాల కంపెనీలో చేరి, మద్రాసు పోయి, పెద్ద హీరోయిన్ అయింది. కానీ "నీ యాస పనికిరాదు" అని అక్కడివాళ్లు ముఖం ఉంచుకుని నోరు తీసేశారు. ప్రతి సినిమాలో మాట ఒకామెది, పాట ఇంకొకామెది. ఈ సంగతి మా ఊరికి తెలియదు. ఇన్నేళ్లకు మా ఊళ్లో నాటకానికి సొంత గొంతుతో స్టేజీ ఎక్కుతానని ఒప్పుకుంది. జనం ఛీ కొడితే ఆ నోరు మళ్లీ లేవదు.

నాటకం ముందు రాత్రి... ఆమెను ఉత్తరాలు రాసి పిలిపించిన బట్టల కొట్టు వెంకట్రాజం తెరలు కట్టించి సైకిల్ మీద వస్తున్నాడు. సరిగ్గా బావి దగ్గర చైను ఊడింది. దానికీ అక్కడే చోటు దొరికింది.

వంగాడు... పద్యం మొదలైంది.

నీళ్లను తాకి, గోడలెక్కి వస్తోంది. రాగం పైకి పోయింది — ఇంకా పైకి — తెగిపోయింది. తర్వాత దగ్గు.

"థూ! పాడు గొంతు!"

దయ్యం దగ్గుతుందా? వెంకట్రాజానికి ఆ తెలివెక్కడిది!

"ఎవలది?" కిందనుంచి గుసగుస.

"నేనే తల్లీ... బట్టల వెంకట్రాజం... పిల్లలు గలోణ్ణి..."

మెట్లెక్కి వచ్చింది. తెల్లచీర, విరబోసిన జుట్టు. ఇంకేం కావాలి!

"జర మెల్లగ అన్నా. నేను కళావతిని."

"అబద్ధం! కళావతి గొంతు నాకు తెల్వదా? అన్ని సినిమాలు చూసినోణ్ణి!"

ఆమె మెట్టు మీద కూలబడింది.

"గదే నా భయం. ఆ గొంతు మద్రాసుల ఇంకొకామెది. నాది గిది. మా కంపెనీ పంతులు బావిలకు దింపి పాడిపిచ్చేటోడు — తప్పు పాడితే గోడలే తిరిగి చెప్తయని. అందుకే వారం సంది మేనత్త ఇంట్ల దాక్కొని వస్తున్న. రేపు జనం కూసుంటరా, లేచిపోతరా?"

చైను కూడా ఎక్కించకుండా సైకిల్ తోసుకుంటూ పోయానని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు.

మర్నాడు పందిరి కిక్కిరిసింది. కళావతి నోరు తెరిచిందో లేదో, గోల — "గిది ఆమె గొంతు గాదు! ఎవతెనో తెచ్చిండ్రు!" ముందు వరసలు లేస్తున్నాయి. ఆమె ఆగలేదు. రాగం పైకెత్తింది. ఈసారి తెగలేదు.

అంతలో ఆడవాళ్ల వరసలోంచి, బావి పక్కింటి రాజక్క దిగ్గున నిలబడింది.

"ఓయమ్మో! గిది మా బావిల దయ్యం!"

లేచినవాళ్లు ఎక్కడివాళ్లక్కడే ఆగిపోయారు.

రాజక్క పారిపోలేదు. కొంగు బిగించి కూర్చుంది.

"ఇన్నొద్దులు గోడకు చెవి వెట్టి, వణుక్కుంట విన్న. ఇయ్యాల లైట్ల ముందట వింట. కూసోండ్రి మీరు గూడ! — ఏ పిల్లా, మల్లొక్కసారి అందుకో!"