గయ్యాళి గొంతు

ఆ సందులో తెల్లవారిందని తెలియడానికి గడియారం అక్కర్లేదు, బైండరుగారి భార్య గొంతు లేస్తే చాలు. "ఇంకా ఏమిటా మొద్దునిద్ర? పాలు పొంగిపోయాయి, జిగురు గడ్డకట్టింది, కుట్టాల్సిన పుస్తకాలు గుట్టపడి ఉన్నాయి, నేనొక్కదాన్నే చావనా?" అని ఆమె అందుకుందంటే ఎదురింటివాళ్ళు కిటికీలు మూసుకునేవారు. పుస్తకాలకు అట్టలు వేసే ఆ మనిషిని సందంతా మెత్తనయ్య అనేది. నోట్లో నాలుక లేనివాడు. చెప్పిన రోజుకి పని అందించేవాడు. పిల్లల చిరిగిన పుస్తకాలకు ఊరికే కుట్టు వేసి పెట్టేవాడు. అంతటివాడికి ఈ గయ్యాళి ఎక్కడ దొరికిందని అందరూ నిట్టూర్చేవారు. "అన్ని తిట్లు తిని కూడా ఒళ్ళు చేస్తున్నాడంటే, ఆ తిట్లే వంటబడుతున్నాయేమో" అని ఎదురింటావిడ నవ్వేది కూడాను.

ఒకరోజు ఆ గొంతు లేవలేదు. దానికి బదులు ఆమే చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరుగెత్తుకొచ్చింది. "ఎవరైనా రండి... మా ఆయన కొయ్యబారిపోయారు... పళ్ళు బిగుసుకుపోయాయి..." అంటూ కనిపించిన ప్రతి తలుపూ తట్టింది.

ఆసుపత్రిలో నరంలోకి గ్లూకోజు ఎక్కించగానే మెత్తనయ్య కళ్ళు తెరిచి, ఏమీ జరగనట్టు, "ఏమిటే, అలా చూస్తున్నావు?" అన్నాడు.

ఆ మాట ఆమెకు కొత్త కాదు. ఎన్నో ఏళ్ళుగా ప్రతి ఉదయమూ వింటున్నదే. పరగడుపున నిద్రలేచే ఆ మనిషి ఆమె భర్త కాడు, ఇంకెవరో! ఒళ్ళంతా చెమటలు, ఎదురుగా ఉన్నది ఎవరో పోల్చుకోలేని చూపు, నోటికి రాకూడని బూతులు. "ఎవత్తెవే నువ్వు? నా ఇంట్లోంచి పో" అని అరుస్తూ ఒకసారి ఆమెను అట్టలు నొక్కే ఇనప యంత్రం మీదికి తోసేశాడు. గ్లాసుడు నీళ్ళలో పంచదార కలిపి ఎలాగో గొంతులో పోస్తే కాసేపటికి మొహం తుడుచుకుని మళ్ళీ తన మనిషి అయిపోయేవాడు. జరిగింది ఒక్క ముక్క కూడా గుర్తుండేది కాదు.

మొదట్లో ఆమె చెప్పింది. చెప్పిన రోజున ఆయన తల వంచుకుని కూర్చుని, "నేను నిన్ను కొట్టానా? అలాంటివాడితో నువ్వెందుకుండాలి? నేనే ఎక్కడికైనా పోతాను" అన్నాడు. అన్నట్టే చొక్కా తగిలించుకుని గుమ్మం దిగాడు. కాళ్ళావేళ్ళా పడి వెనక్కి తెచ్చుకుంది. ఇంక జన్మలో చెప్పకూడదని ఆనాడే అనుకుంది. మరి ఆ అరుపులు సందులో వినపడితే? ఆయన పరువు ఏం కావాలి? ఆయన గొంతు లేవగానే ఆమె అంతకు రెట్టింపు గొంతు లేపేది. పాలనీ జిగురునీ నిద్రనీ వంక పెట్టుకుని ఇల్లెగిరిపోయేలా తిట్టేది. ఆ హోరులో ఆయన బూతులు ఎవరికీ వినపడేవి కావు. తిడుతూనే పంచదార కలిపేది. ఒక్కమనిషి కూడా తోడులేని సంసారం అది, ప్రతి ఉదయమూ.

కబురు అందగానే మెత్తనయ్య అక్కగారు రైలెక్కి వచ్చింది. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. మరదలిని చూడగానే, "నా తమ్ముణ్ణి చివరికి ఇంతదాకా తెచ్చావా?" అంది.

సర్జను అయిన డాక్టరమ్మ మాత్రం నిదానంగా చెప్పింది. "కడుపులో, జీర్ణకోశం వెనకాల క్లోమగ్రంథి ఉంటుంది. దాని మీద చిన్న కణితి లేస్తే, అదుపు లేకుండా ఇన్సులిన్ వదులుతుంది. తిండి లేనప్పుడు చక్కెర పడిపోయి మెదడుకు మేత అందదు. అదే అయితే కోసి తీసేయొచ్చు. కానీ రుజువు కావాలి. ఇక్కడే పస్తు ఉంచి, చక్కెర పడిపోయిన సమయంలో రక్తం తీసి చూడాలి. రుజువు లేకుండా పొట్ట కోయను." ఆ తర్వాత అతని భార్య వైపు తిరిగి, "పొద్దున్నపూట ఆయన వింతగా ఏమైనా ప్రవర్తిస్తారా?" అని అడిగింది.

పక్కనే భర్త. ఆయన అమాయకంగా ఆమె మొహంలోకే చూస్తున్నాడు. "అబ్బే... అలాంటిదేమీ లేదండీ" అంది.

పస్తు మొదలైంది. మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వకూడదు. నర్సు వచ్చి వేలు గుచ్చి చూసి వెళుతోంది. సాయంకాలానికి ఆయన పైపెదవి మీద చెమట పట్టడం ఆమె ఒక్కతే గమనించింది. తర్వాత ఏం రాబోతోందో ఆమెకు తెలుసు. ఇంత జనం మధ్య ఆ బూతులా? మళ్ళీ ఆ బిగుసుకుపోవడమా? నర్సు పక్క మంచం దగ్గరికి వెళ్ళింది. ఆమె చెయ్యి దానంతట అదే సంచిలోకి వెళ్ళి, చిన్న డబ్బా మూత తీసి, ఆయన నోట్లో పిడికెడు పంచదార వేసింది. ఆ తర్వాత మరోసారి, ఇంకోసారి... ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి, ఆపితే ఆగిందా!

పరీక్ష ముగిసింది. డాక్టరమ్మ కాగితాలు తిరగేసి, "చక్కెర ఎక్కడా పడలేదు. ఇది కణితి కాదేమో. ఇంటికి తీసుకెళ్ళండి" అంది.

"నేను చెబుతూనే ఉన్నాను డాక్టరుగారూ" అంది ఆడపడుచు. "రోగం మావాడిది కాదు. పొద్దున్నే ఆ నోరు వింటూ బతికితే ఎవరైనా పడిపోతారు."

భార్య ఊరుకుంటే సరిపోయేది. ఎప్పటిలాగే తలుపులు వేసుకుని, పంచదార కలుపుకుంటూ బతికేయొచ్చు. కానీ రేపు తను లేచేసరికే ఆయన లేవలేకపోతే? కాగితాలు కోసే ఆ పెద్ద కత్తి మీద పడిపోతే? గుండె చిక్కబట్టుకుని, భర్త వినకుండా డాక్టరమ్మను వరండాలోకి పిలిచింది. ఆడపడుచు కూడా వెంట వచ్చింది.

"పంచదార పెట్టానండీ... మీరు చూడనప్పుడు... నేనే పెట్టాను."

"చూశారా దీని తెలివి" అని ఆడపడుచు మండిపడింది.

డాక్టరమ్మ కోప్పడలేదు. ఆమె చేతిలోని డబ్బాను తీసుకుని చూసింది. మూత అంచులు అరిగిపోయి ఉన్నాయి. "ఎన్నాళ్ళుగా పెడుతున్నావమ్మా?" అని అడిగింది.

ఈ ప్రశ్న ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. జవాబు చెప్పబోయి గోడకు ఆనుకుని ఏడ్చేసింది.

మళ్ళీ పస్తు పెట్టారు. ఈసారి ఆడపడుచు పక్కనే కూర్చుంది. "దీని చేతులు నేను కనిపెట్టుకుంటాను" అని సంచి లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. మర్నాడు ఉదయానికి మెత్తనయ్య పెదవి మీద చెమట పట్టింది. చూపు చెదిరింది. అక్క నుదురు తుడవబోతే చెయ్యి విసిరికొట్టి, "ఎవత్తెవే నువ్వు?" అన్నాడు. ఆ తర్వాత గొంతు లేచింది. తన చేతులతో అన్నం పెట్టి పెంచిన అక్కను ఆయన అన్న మాటలకు పక్క మంచాలవాళ్ళు తలలు తిప్పారు. ఆవిడ నిలువునా రాయిలా అయిపోయింది.

అప్పుడు మంచానికి అటువైపు నుంచి మరో గొంతు లేచింది. "ఇంకా ఏమిటా మొద్దునిద్ర? పాలు పొంగిపోయాయి... జిగురు గడ్డకట్టింది..." బైండరుగారి భార్య అరుస్తోంది. కళ్ళ వెంట నీళ్ళు ధారలు కడుతున్నాయి. చేతులు మాత్రం మంచం కడ్డీని గట్టిగా పట్టుకున్నాయి. ఆసుపత్రిలో పాలెక్కడివి, జిగురెక్కడిది? అయినా అరుస్తూనే ఉంది.

ఆడపడుచుకు అప్పుడు అర్థమైంది. తను ఇదివరకు వచ్చి ఉన్న రోజుల్లో గోడ అవతల నుంచి విన్న తిట్లన్నీ దేన్ని కప్పడానికో అర్థమైంది. సంచి కింద పడేసి మంచం చుట్టూ పరుగున వచ్చి మరదలిని రెండు చేతులా గుండెలకు అదుముకుంది. "చాలమ్మా... ఇంక అరవకు. విననీ, అందరినీ విననీ. వాడి పరువు ఏమీ పోదు. నీ గొంతు నాశనం చేసుకున్నావు కదే తల్లీ..." అంటూ ఆమెకంటే పెద్దగా ఏడ్చింది.

ఈలోగా నర్సు రక్తం తీసేసింది. డాక్టరమ్మ గ్లూకోజు ఎక్కించింది. రుజువు దొరికింది.

స్కానులో కణితి జాడ తెలిసింది. "పైపైనే ఉంటే దాన్నొక్కదాన్నే ఒలిచి తీసేస్తాను. రసం పారే నాళానికి ఆనుకుని ఉంటే మాత్రం క్లోమం చివరి భాగం కోసేయాలి. ప్లీహం కూడా పోవచ్చు. పొట్ట తెరిచాక, గ్రంథి మీదే స్కాను యంత్రం ఆనించి చూసి నిర్ణయిస్తాను" అంది డాక్టరమ్మ. ఆపరేషన్ జరిగినంతసేపూ వదినా మరదళ్ళు ఒకే బల్ల మీద కూర్చున్నారు. "నాకైనా ఒక్క మాట చెప్పకూడదా?" అని ఆవిడ అడిగితే, "చెబితే ఆయన్ని వేరేగా చూస్తారేమోనని వదినగారూ" అంది.

కణితి నాళానికి ఎడంగానే ఉంది. "శనగగింజంత. ఒలిచేశాను, మిగతా క్లోమం భద్రంగా ఉంది. తీయగానే చక్కెర పెరగడం మొదలైంది" అంది డాక్టరమ్మ. శనగగింజంత! ఆ గింజ కోసమా తను ఇన్నాళ్ళు గయ్యాళి అనిపించుకుంది? నవ్వాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు. పొట్టలోంచి వేసిన గొట్టంలో రసం కారడం ఆగేదాకా ఆసుపత్రిలోనే ఉండి, ఇంటికి వచ్చారు.

మర్నాడు ఉదయం ఆమె ఉలిక్కిపడి లేచింది. అలవాటుగా గ్లాసులో పంచదార కలిపి, చెంచా చేత్తో పట్టుకుని వచ్చేసరికి, ఆయన అప్పటికే లేచి కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. చెమట లేదు. ఆమెను చూసి మామూలుగా నవ్వాడు. గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. సంతోషించాల్సిన సమయంలో, పని పోయిన మనిషిలా ఒంటరిగా అనిపించింది. ఆ ఉదయాలన్నీ ఆమె ఒక్కతే బతికింది. అవి పంచుకోవడానికి ఆయన దగ్గర ఒక్క జ్ఞాపకం కూడా లేదు.

ఎదురింటి కిటికీలోంచి, "ఏమ్మా, ఇవాళ గొంతు లేవలేదేం? ఒంట్లో బాగాలేదా?" అని కేక వినిపించింది.

ఆయన కిటికీ రెక్క దగ్గరగా వేశాడు. "అక్క చెప్పింది" అన్నాడు మెల్లగా.

"ఏం చెప్పారు?"

"నేను అన్నవి చెప్పలేదు. నువ్వు అరిచింది చెప్పింది." ఆమె వైపు తిరిగాడు. "సందంతా విన్న నీ గొంతు నేనొక్కణ్ణే వినలేదు. ఒక్కసారి తిట్టవే. నాకు వినాలనుంది."

ఆమె నోరు తెరిచింది. పాలు, జిగురు, మొద్దునిద్ర, అన్నీ నాలుక మీదే ఉన్నాయి. కానీ గొంతు లేవలేదు. "పాలు... పొంగిపోయాయి..." అంది ఎవరికీ వినపడనంత చిన్నగా.

"ఊఁ" అన్నాడాయన, తరువాతి మాట కోసం ఆమె మొహంలోకే చూస్తూ. ఆమె గ్లాసు కింద పెట్టి, ఆయన పక్కన కూర్చుని, మిగిలినవి ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది.